పిల్లాడు, కుక్క, బ్లాకౌట్: విశాఖలో తక్కువ బడ్జెట్‌తో యుద్ధకాలపు కుటుంబ సినిమా తీయడం ఎలా

"యుద్ధం రోజుల్లో ఒక పిల్లాడు, వాడి కుక్క, ఆ ఇంట్లోవాళ్లు. కథ ఉంది, డబ్బు లేదు. ఎలా తీయాలి?" రెండేళ్లుగా ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంది. ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెబుతూ వచ్చాను. ఈసారి మొదటి నుంచి చివరి దాకా వరుసలో రాస్తున్నాను. ఉదాహరణకి 1971 భారత్-పాక్ యుద్ధాన్ని, మా విశాఖపట్నాన్నే తీసుకున్నాను. మీ ఊరు వేరైనా పనుల వరుస ఇదే.

మొత్తం పనికి ఒక్క సూత్రం పెట్టుకోండి. యుద్ధాన్ని చూపించొద్దు, వినిపించండి. ఇంట్లో అందరికన్నా ముందు వినేది కుక్క. దాని చెవి కదిలాక పిల్లాడు తల తిప్పుతాడు, పిల్లాడిని చూశాక అమ్మ దీపం ఆర్పుతుంది. ఈ మూడు షాట్లు సరిగ్గా తీయగలిగితే మీకు ఓడలు, విమానాలు, బాంబులు అక్కర్లేదు.

## 1. తేదీలు ముందు, సీన్లు తర్వాత

స్క్రిప్టు రాసే ముందు గోడకి ఒక క్యాలెండర్ అంటించండి. 1971 యుద్ధం డిసెంబరు 3న మొదలై 17న ఆగింది. ఒక ఇంటి కథకి ఈ రెండు వారాలు చాలు.

విశాఖలో ఆ రెండు వారాలూ మార్గశిర మాసం. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి మార్గశిర గురువారాల్లో జనం ఎలా వస్తారో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. డిసెంబరు 2 గురువారం, పైగా పౌర్ణమి. ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయిన డిసెంబరు 16 కూడా గురువారమే. కథ ఒక గురువారం మొదలై ఇంకో గురువారానికి ముగింపు దగ్గరికి రావచ్చు. ఇది నేను కల్పించింది కాదు, పంచాంగంలో ఉంది.

చంద్రుణ్ణి కూడా రాసుకోండి. శత్రు విమానాలకి ఊరు కనబడకుండా దీపాలన్నీ ఆర్పేయడమే బ్లాకౌట్. దాని మొదటి రాత్రులు పౌర్ణమి దాటిన వెన్నెల రాత్రులు. పడమటి సరిహద్దులో కాల్పుల విరమణ 17వ తేదీ రాత్రి 8 గంటలకు అమల్లోకి వచ్చింది, ఆ రాత్రి అమావాస్య. అంటే ఊళ్లో దీపాలు ఆర్పిన రోజుల్లో ఆకాశంలో వెలుగుంది, దీపాలు మళ్లీ వెలిగించుకోగలిగే వేళకి ఆకాశం చీకటి. మీ కెమెరామ్యాన్‌కి ఈ ఒక్క విషయం చెప్పండి, సగం లైటింగ్ ప్లాన్ అక్కడే తయారవుతుంది.

క్యాలెండర్ మీద తప్పకుండా ఉండాల్సినవి:

- డిసెంబరు 3, శుక్రవారం సాయంత్రం: పడమటి విమానాశ్రయాల మీద పాకిస్తాన్ దాడి. అర్ధరాత్రి దాటాక ఇందిరాగాంధీ రేడియోలో దేశంతో మాట్లాడారు.
- అదే రాత్రి: విశాఖ తీరానికి దగ్గర్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది.
- డిసెంబరు 9: ఘాజీ మునిగిన సంగతి నేవీ ప్రకటించింది.
- డిసెంబరు 16: ఢాకాలో లొంగుబాటు.
- డిసెంబరు 17: కాల్పుల విరమణ.

చాలామంది స్క్రిప్టులు తప్పేది మూడో తేదీకీ ప్రకటనకీ మధ్యే. ప్రకటన రాకముందు మీ పాత్రల్లో ఎవరికీ "ఘాజీ" అనే పేరు తెలియకూడదు. వాళ్లకి తెలిసింది ఒక చప్పుడు, గలగలమన్న కిటికీ అద్దాలు, మర్నాడు రేవులో గుసగుసలు. అది ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాల మాటలూ వేరు. మన నేవీ లెక్కలో అది ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌక వేసిన డెప్త్ ఛార్జీల (నీళ్ల లోతులో పేలే బాంబుల) పని. పాకిస్తాన్ దాన్ని ప్రమాదం అంటుంది. మీ సినిమా ఆ తగువు తీర్చక్కర్లేదు. పదేళ్ల పిల్లాడికి ఆ రాత్రి తెలిసేది ఒక్కటే, కుక్క మంచం కిందికి దూరి బయటికి రానంది.

## 2. ఇంట్లో ఎవరుండాలి

ఐదుగురు చాలు: పిల్లాడు, అమ్మ, నాన్న, అప్ప (అక్క), పక్కింటి పెద్దాయన. నాన్నని నేవీ ఉద్యోగిగా రాయొద్దని నా గట్టి సలహా. యూనిఫాం వచ్చిందంటే బ్యాడ్జీలు, ర్యాంకులు, కుట్టుపని, అనుమతులు, తప్పు పట్టేవాళ్లు అందరూ వస్తారు. సైన్యం నేపథ్యంగా తీసే సినిమాలకి ముందుగా తన నిరభ్యంతర పత్రం తీసుకోవాలని రక్షణ శాఖ 2020లో కోరింది కూడా. నాన్నని పోర్టులో ఖలాసీగానో, షిప్‌యార్డులో వెల్డర్‌గానో పెట్టండి. ఖాకీ నిక్కరు, బనీను, టిఫిన్ క్యారేజీతో పాత్ర నిలబడుతుంది. నైట్ డ్యూటీకి వెళ్లిన నాన్న తెల్లారేసరికి వస్తాడా లేదా అన్న టెన్షన్ కూడా దొరుకుతుంది.

కుక్కకి కథలో ఒక కచ్చితమైన సమస్య ఇవ్వండి. బ్లాకౌట్ రాత్రి అది మొరుగుతుంది. వీధివీధంతా భయంతో ఉంటుంది. "ఆ కుక్కని ఎక్కడికైనా పంపించండి" అని పక్కింటివాళ్లు అమ్మని అడుగుతారు. ఈ ఒక్క ముడి చాలు. కుక్క వీరోచితంగా శత్రువుని పట్టించే కథ అల్లకండి, దానికి డబ్బూ చాలదు, జనమూ నమ్మరు.

మాట విషయంలో ఒక ఉదాహరణ. కుక్క పేరు మోతీ అనుకుందాం. ఇలా రాయకండి: "నాన్నగారూ, శత్రు నౌక మన తీరానికి వచ్చిందా?"

ఇలా రాయండి:

"నాన్నా, ఏటా సప్పుడు?"

"ఏటీ లేదు. పడుకో."

"మరి మోతీగాడెందుకు మంచం కిందికెల్లిపోనాడు?"

నాన్న దగ్గర జవాబు లేదు. కెమెరా కుక్క మీదికి వెళ్లాలి.

## 3. కుక్కని ఎంచుకోవడం

జాతి కుక్క వద్దు. 1971లో విశాఖ పాత ఊరైన వన్‌టౌన్ వీధిలో ఖలాసీ ఇంట్లో ఉండేది నాటు కుక్కే. పైగా నాటు కుక్కకి చెవులు నిలబడి ఉంటాయి, మన కథంతా చెవుల మీదే నడుస్తుంది.

రంగు జాగ్రత్త. నా మొదటి ప్రయత్నంలో నల్ల కుక్కని పెట్టుకున్నాను. పగలు అద్భుతంగా ఉంది. బ్లాకౌట్ సీన్లలో రెండు కళ్లు తప్ప ఏమీ కనబడలేదు. నాలుగు రోజుల ఫుటేజీ పక్కన పెట్టాల్సి వచ్చింది. గోధుమ రంగు ఒళ్లు, ఛాతీ మీద తెల్ల మచ్చ ఉన్న కుక్క దొరికితే వదలకండి. చీకట్లో ఆ మచ్చే మీ ఫోకస్ పాయింట్.

చూడాల్సినవి:

- వయసు రెండు నుంచి ఐదేళ్ల మధ్య. కూన అయితే షూటింగ్ మధ్యలో పెరిగిపోతుంది.
- ఎవరి ఇంట్లోనో పెరుగుతున్నది, యజమాని రోజూ సెట్‌కి రాగలిగినది.
- ర్యాబిస్ టీకా, మిగతా టీకాలు పూర్తయి కార్డు చేతిలో ఉన్నది.
- కొత్త మనిషి తల నిమిరితే వణకనిది, తింటుంటే గిన్నె జరిపినా గుర్రుమననిది.
- స్టీలు పళ్లెం కింద పడేసినప్పుడు ఉలిక్కిపడి, అర నిమిషంలో మామూలయ్యేది. ఉలిక్కిపడనిది నటించదు. చాలాసేపు దాక్కునేదాన్ని ఈ కథలోకి తీసుకురావడం దానికి హింస.

అచ్చం అలాంటిదే రెండో కుక్క దొరికితే మంచిది, పరిగెత్తే షాట్లకి పనికొస్తుంది. దొరక్కపోతే షాట్లు తగ్గించుకోండి. మేకప్‌తో మచ్చలు వేయడం, రంగు పూయడం వద్దు, అది నాకుతుంది.

## 4. పిల్లాణ్ణి ఎంచుకోవడం

ఆడిషన్‌లో డైలాగులు చెప్పించకండి. కుక్క ఉన్న గదిలో పిల్లాణ్ణి కూర్చోబెట్టి పది నిమిషాలు వదిలేయండి. కుక్క దగ్గరికి పరిగెత్తి మెడ పట్టుకునే పిల్లాడు వద్దు. కాసేపు చూసి, నేల మీద కూర్చుని, అదే వచ్చేదాకా ఆగే పిల్లాడు మీకు కావాలి. వాడికి ఓపిక ఉంది, కెమెరా ముందు కూడా ఉంటుంది.

తల్లిదండ్రులతో మొదటి రోజే అన్నీ మాట్లాడుకోండి. బాల కార్మిక చట్టం కింద ఉన్న నియమాలు ఇవి, తప్పించుకునే దారి వెతక్కండి:

- రోజుకి ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు.
- వరుసగా 27 రోజులకు మించి పని పెట్టకూడదు.
- షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి, అంటే కలెక్టర్ అనుమతి తీసుకోవాలి.
- పారితోషికంలో కనీసం 20 శాతం పిల్లాడి పేరున జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి.
- చదువు ఆగకూడదు. ఇష్టం లేకుండా చేయించకూడదు.

ఐదు గంటల్లో మేకప్, భోజనం, అలక అన్నీ పోతే మీకు దొరికేది మూడు గంటలు. షెడ్యూల్ ఆ మూడు గంటల మీదే వేయండి. గంటన్నర లోపు సినిమాకి 24 రోజులు పెట్టుకుంటే ఊపిరి ఆడుతుంది.

## 5. నాలుగు వారాల స్నేహం

డబ్బు లేని సినిమాకి ఉన్న పెద్ద ఆస్తి సమయం. దాన్ని ఇక్కడ ఖర్చు పెట్టండి. పిల్లాడు, కుక్క మధ్య చనువు నటనతో రాదు. కుక్క అబద్ధం ఆడదు, తెరమీద ఇట్టే తెలిసిపోతుంది.

మొదటి వారం: పిల్లాడు రోజూ కుక్క ఉన్న ఇంటికి వెళ్లి అరగంట ఉండాలి. ముట్టుకోవడం, ఆడించడం ఏమీ వద్దు. పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకుంటే చాలు.

రెండో వారం: తిండి పిల్లాడి చేత్తో పెట్టించండి. ఉప్పు, ఉల్లి, మసాలా లేకుండా ఉడికించిన చికెన్ లివర్‌ని చిన్న చిన్న ముక్కలు చేసి డబ్బాలో ఇవ్వండి. చాక్లెట్, ఎండుద్రాక్ష, ఉల్లి కుక్కకి విషంలాంటివి. ఈ సంగతి యూనిట్‌లో టీ ఇచ్చే కుర్రాడి దాకా అందరికీ తెలియాలి.

మూడో వారం: నాలుగు పనులు నేర్పండి. కూర్చోవడం, పడుకోవడం, పిలిస్తే రావడం, చెప్పిన చోట ఆగడం. ఆగడానికి గుర్తుగా చిన్న గోనెసంచి ముక్క వాడండి. ఎక్కడ సంచి ఉంటే అక్కడ ఆగాలని దానికి అలవాటవుతుంది, పాత ఇంటి నేల మీద గోనెసంచి కెమెరాకీ అడ్డు కాదు.

నాలుగో వారం: సెట్ అయ్యే ఇంటికే ఇద్దర్నీ తీసుకెళ్లండి. లాంతరు, మంచం, నల్ల కాగితాలు అతికించిన కిటికీ, కెమెరా, మైకు కర్ర అన్నీ ముందే కనబడాలి. పిల్లాడు కాస్త దూరం వెళ్లగానే కుక్క లేచి వెనకాలే వచ్చిందంటే మీరు షూటింగ్‌కి సిద్ధం. రాకపోతే ఇంకో వారం ఆగండి. తేదీలు వెనక్కి జరిపినందుకు నేను ఎప్పుడూ నష్టపోలేదు.

## 6. అనుమతులు, వరుసలో

వరుస తప్పితే నెలలు పోతాయి. అన్నిటికన్నా ముందు కుక్క కాగితాలు.

1. జంతు సంక్షేమ బోర్డు. పని చేయించే జంతువుని రిజిస్టర్ చేయించి, షూటింగ్‌కి ముందే అనుమతి తీసుకోవాలి. కుక్క ఏ సీన్లో ఏం చేస్తుందో రాసివ్వాలి, పశువైద్యుడి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జతచేయాలి. షూటింగ్ అయ్యాక మళ్లీ బోర్డు నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. అది లేకుండా సెన్సార్ ముందుకు కదలదు. కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి.
2. పిల్లాడి కోసం కలెక్టర్ ఆఫీసు.
3. రాష్ట్ర చలనచిత్ర అభివృద్ధి సంస్థలో షూటింగ్ అనుమతి.
4. రోడ్లు, మార్కెట్లకి నగరపాలక సంస్థ జీవీఎంసీ, స్థానిక పోలీస్ స్టేషన్. బీచ్ పార్కులకి విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ.
5. ఇంటి యజమానితో రాతపూర్వక ఒప్పందం. మేకులు ఎక్కడ కొట్టొచ్చు, బాత్రూమ్ వాడొచ్చా, కరెంటు బిల్లు ఎవరిది, అన్నీ రాయండి.

నేవీ ప్రాంతం గురించి సూటిగా చెబుతాను. డాక్‌యార్డ్ వైపు, యుద్ధనౌకల వైపు కెమెరా తిప్పొద్దు. అనుమతి లేకుండా డ్రోన్ అసలు తీయొద్దు. "ఒక్క నిమిషం షాటే కదా" అన్నవాళ్ల సామాను పోలీస్ స్టేషన్లో ఉండగా నేను చూశాను.

## 7. ఇల్లు, వీధి, సామాన్లు

ఒకే ఇల్లు చాలు. వన్‌టౌన్‌లో కోటవీధి, బురుజుపేట సందుల్లోనో, భీమిలిలోనో పెంకుటిల్లు వెతకండి. వసారా, లోగిలి, చెక్క తలుపులు, ఊచల కిటికీలు ఉండాలి. నేనైతే భీమిలికి ఓటేస్తాను. సందడి తక్కువ, సముద్రం దగ్గర, అద్దె మాట్లాడుకోవచ్చు.

ఇల్లు చూసేటప్పుడు రెండుసార్లు వెళ్లండి. ఉదయం ఒకసారి వెలుతురు కోసం, సాయంత్రం ఒకసారి చప్పుడు కోసం. పక్కనే ఫంక్షన్ హాల్ ఉంటే ఆ ఇల్లు వదులుకోండి.

1971లో లేనివి, మన ఫ్రేముల్లోకి దొంగచాటుగా వచ్చేవి ఇవి: కేబుల్ వైర్లు, డిష్‌లు, ఏసీ బాక్సులు, ప్లాస్టిక్ వాటర్ ట్యాంకులు, సెల్ టవర్లు, ఎల్‌ఈడీ వీధి దీపాలు. ఆర్కే బీచ్‌లో తీస్తే కురుసుర జలాంతర్గామి ఫ్రేములో పడకూడదు. అది 2002లో మ్యూజియం అయింది, 1971లో ఇంకా సర్వీసులో ఉంది. పక్కనున్న యుద్ధ స్మారకం కూడా 1996 నాటిది. ఏ యుద్ధానికి కట్టారో ఆ యుద్ధం జరుగుతున్న సీన్లో అదే కనబడితే సినిమా అక్కడే ఆగిపోతుంది.

ఉండాల్సినవి:

- గోడ మీద వెలిసిపోయిన "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" రాత. 1966 ఉద్యమం నాటిది, అయిదేళ్ల ఎండకీ వానకీ సగం పోయినట్టుండాలి.
- దాని పక్కన ఆవు-దూడ, అంటే అప్పటి ఇందిర కాంగ్రెస్ ఎన్నికల గుర్తు. ఆ ఏడాది మార్చిలోనే లోక్‌సభ ఎన్నికలు జరిగాయి.
- ట్రాన్సిస్టర్, దాని లైసెన్సు పుస్తకం. అప్పట్లో రేడియోకి లైసెన్సు ఉండేది. అమ్మ ఆ పుస్తకాన్ని బియ్యం డబ్బా మీద దాచే షాట్ ఒక్కటి చాలు, కాలం తెలిసిపోతుంది.
- ఇత్తడి బిందెలు, కుంపటి, పొట్టు పొయ్యి, లాంతరు, నవారు మంచం, కుట్టుమిషను.
- కిటికీ అద్దాలకి ఇంటూ గుర్తులా అంటించిన కాగితం పట్టీలు, అద్దం పగిలితే ముక్కలు ఎగరకుండా.
- ఒక్క సైకిల్ రిక్షా. కారు తప్పదంటే పాత అంబాసిడర్ ఒకటి అద్దెకి తెచ్చి, హెడ్‌లైట్ పై సగం నల్లగా కప్పండి. రంగు వేయకుండా నల్ల టేపు వాడితే ఓనర్‌తో గొడవ ఉండదు.

సామాన్లు కొనకండి. కురుపాం మార్కెట్ వైపు పాత ఇత్తడి, పాత ఇనుము కొట్లలో అద్దెకి అడగండి. ఇంకా మంచి దారి బంధువుల అటకలు. మా సినిమాలో వాడిన లాంతరు మా అమ్మమ్మగారిది. దాని పిడికి చుట్టిన గుడ్డ పీలిక అలాగే ఉంచాం. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ ఎంత వెతికినా అలాంటిది దొరికేది కాదు.

## 8. చీకటిని తీయడం

పిల్లాడితో రాత్రుళ్లు పని చేయించక్కర్లేదు. ఇంట్లో జరిగే రాత్రి సీన్లన్నీ పగలే తీయండి. కిటికీలు, తలుపులు బయటి నుంచి నల్ల టార్పాలిన్‌తో మూసి, అంచులకి గుడ్డలు కుక్కండి. ఫ్యాను పెట్టండి, లేకపోతే కుక్క రొప్పుతుంది. రొప్పే కుక్క ముఖంలో భయం కనబడదు, నవ్వుతున్నట్టు కనబడుతుంది.

లైట్లు మూడు చాలు.

మొదటిది వెన్నెల. కిటికీ బయట ఎత్తులో ఒక లైటు పెట్టి, తెల్ల బట్ట మీద కొట్టి లోపలికి పంపండి. పౌర్ణమి దాటిన రెండో రాత్రి కదా, అర్ధరాత్రికి చంద్రుడు నడినెత్తికి దగ్గర్లో ఉంటాడు. వెలుగు ఏటవాలుగా కాదు, బాగా పైనుంచి పడాలి. నీలం రంగు ఫిల్టర్ దట్టంగా వేయకండి, పాత టీవీ సీరియల్‌లా ఉంటుంది.

రెండోది లాంతరు. లోపల చిన్న వెచ్చని ఎల్‌ఈడీ పెట్టి డిమ్మర్‌తో తగ్గించండి. పిల్లాడు, కుక్క ఉన్న గదిలో నిజమైన కిరోసిన్ మంట వద్దే వద్దు. కెమెరాలో రంగుల తీరుని సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ని 4,000 కెల్విన్ దగ్గర ఉంచితే వెన్నెల కొంచెం నీలంగా, లాంతరు కొంచెం పసుపుగా వస్తాయి.

మూడోది కంటి మెరుపు. కెమెరా పక్కన అరచేయంత లైటు, మీద ట్రేసింగ్ పేపరు. కుక్క కంట్లో ఆ చుక్క లేకపోతే అది బొమ్మలా కనబడుతుంది.

లెన్సు ఎఫ్ 1.8 లేదా అంతకన్నా తక్కువది ఒక్కటి అద్దెకి తీసుకోండి (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకుంటుంది, ఎక్కువ వెలుగు వస్తుంది). అయితే క్లోజప్‌లో దాన్ని పూర్తిగా తెరవకండి. ముక్కు ఫోకస్‌లో ఉండి కళ్లు పోతాయి. ఎఫ్ 2.8 దగ్గర ఆపండి. కెమెరా కుక్క కంటి ఎత్తులో, నేల నుంచి జానెడున్నర పైన ఉండాలి.

బయట తీసే సీన్లకి సూర్యాస్తమయం తర్వాత వచ్చే ఇరవై నిమిషాలు వాడండి. డిసెంబరులో విశాఖలో 5:20 ప్రాంతంలోనే పొద్దు కుంకుతుంది. నాలుగున్నరకల్లా రిహార్సల్ అయిపోవాలి.

## 9. చెవి షాట్

ఈ షాట్ గురించే ఎక్కువమంది అడిగారు, కాబట్టి విడిగా చెబుతున్నాను.

కుక్క పడుకుని ఉండాలి, తల ముందుకాళ్ల మీద. యజమాని దానికి కనబడకుండా తలుపు వెనక ఉండాలి. పిల్లాడు పక్కనే నిద్ర నటిస్తుంటాడు. గదిలో ఎవరూ మాట్లాడొద్దు. కెమెరా ఆన్ చేసి రెండు నిమిషాలు ఊరుకోండి. కుక్క ఒక నిట్టూర్పు విడుస్తుంది. అప్పుడు తలుపు వెనక నుంచి కొబ్బరిచిప్పని గోటితో ఒక్కసారి గీకండి. ముందు ఒక చెవి తిరుగుతుంది, తర్వాత రెండోది, ఆ తర్వాత కళ్లు తెరుచుకుంటాయి, చివరికి తల లేస్తుంది. మీకు కావాల్సింది చెవికీ తలకీ మధ్య ఉన్న ఆ ఒకటిన్నర సెకను.

ఒకే చప్పుడు మూడోసారికి పని చేయదు. కాబట్టి ఆరు రకాల చప్పుళ్లు సిద్ధం చేసుకోండి: కొబ్బరిచిప్ప, బిస్కెట్ ప్యాకెట్, చిన్న గంట, నాలుకతో టక్కున చేసే శబ్దం, గాజులు, ఇసుక పోసిన అగ్గిపెట్టె. ప్రతి టేక్ తర్వాత లివర్ ముక్క ఇవ్వండి. ఇరవై నిమిషాలు దాటితే ఆపేసి బయట తిప్పండి.

టపాకాయ పేల్చొద్దు. ఒకసారి మా యూనిట్‌లో ఎవరో తొందరపడి ఒక చిన్న టపాకాయ వెలిగించారు. కుక్క గోడ దూకి పోయింది. రెండు గంటలు భీమిలి సందులన్నీ తిరిగాం. పిల్లాడు ఏడుస్తూ దాని పేరు పిలుస్తుంటే మాలో ఎవరికీ ముఖం చెల్లలేదు. పడవ కింద దొరికింది. ఆ తర్వాత మూడు రోజులు కుక్క ఆ ఇంట్లో అడుగు పెట్టలేదు.

## 10. షూటింగ్ రోజు వరుస

- 6:30: యూనిట్ ముందు వస్తుంది. లైట్లు, కెమెరా సిద్ధం. సామాను మోసే చప్పుడంతా ఇప్పుడే అయిపోవాలి.
- 8:00: కుక్క వస్తుంది. ఇల్లంతా వాసన చూసుకోనివ్వండి.
- 8:30: పిల్లాడు వస్తాడు. ముందు అరగంట ఇద్దరూ ఆడుకోవాలి.
- 9:00 నుంచి 11:00: ఇద్దరూ కలిసి ఉన్న సీన్లు.
- 11:00: కుక్కకి సెలవు. పిల్లాడికి గంట విశ్రాంతి, భోజనం.
- 12:00 నుంచి 1:30: పిల్లాడు, పెద్దవాళ్ల సీన్లు. తర్వాత పిల్లాడు ఇంటికి.
- ఆ తర్వాత: పెద్దవాళ్ల సీన్లు, వస్తువుల క్లోజప్‌లు, చప్పుళ్ల రికార్డింగ్.

బీచ్ సీన్ అయితే ఉదయం 8 లోపే ముగించండి. ఇసుక మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

## 11. సౌండ్

బడ్జెట్‌లో కెమెరాకి తగ్గించి అయినా సౌండ్‌కి పెట్టండి. ఈ సినిమాలో యుద్ధం అంతా ఇక్కడే ఉంది.

కుక్క ఊపిరి, గోళ్ల చప్పుడు, నీళ్లు తాగే చప్పుడు విడిగా రికార్డ్ చేయండి. పెంకుటింట్లో ఎవరూ లేనప్పుడు ఐదు నిమిషాల నిశ్శబ్దం తీసుకోండి, ఎడిటింగ్‌లో ప్రతి కట్ కింద అది పరవాలి. సముద్రం ఘోషని దూరం నుంచి ఒకసారి, ఒడ్డున ఒకసారి తీయండి. పోర్టు ఓడల కూత బయట రోడ్డు మీద నిలబడినా దొరుకుతుంది.

రేడియో వార్తల పాత రికార్డింగులకి హక్కులు కావాలి. మీరే రాసి, ఒక పెద్దాయన గొంతుతో చదివించి, ఆ రికార్డింగ్‌ని పాత ట్రాన్సిస్టర్ స్పీకర్లోంచి వినిపించి, అది మళ్లీ మైకుతో పట్టండి. ఆ గరగర ఏ సాఫ్ట్‌వేర్ ఇవ్వదు.

పేలుడు సీన్ కట్టే పద్ధతి: ముందు రెండు సెకన్లు అన్ని చప్పుళ్లూ తగ్గించండి, కీచురాళ్లు కూడా. చెవి కదిలే షాట్. తర్వాత చెవులకన్నా ఛాతీకి తెలిసే లోతైన దెబ్బ ఒకటి, చాలా దూరంలో. దాని వెనకే కిటికీ అద్దాల గలగల, గూట్లో స్టీలు గ్లాసు జరిగిన చప్పుడు. వీధిలో కుక్కలన్నీ మొరగాలి, మోతీ మాత్రం మొరగకూడదు.

## 12. తప్పులు, సవరణలు

కుక్క కెమెరా లెన్సునే చూస్తోంది: లెన్సు చుట్టూ మనుషులు తగ్గాలి. పిల్లాడి జేబులో లివర్ ముక్క పెట్టండి.

పిల్లాడి డైలాగు కంఠస్థం చేసినట్టుంది: డైలాగు తీసేయండి. అదే మాట వాడి పద్ధతిలో కుక్కకి చెప్పమనండి.

ఫుటేజీ మరీ చీకటిగా ఉంది: షూటింగ్‌లో ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుగుతో తీసి, కలరింగ్‌లో తగ్గించండి. చీకట్లో తీసి తర్వాత పెంచితే గింజలు గింజలుగా వస్తుంది.

ఇంటి సీన్లు నాటకంలా ఉన్నాయి: ఎవరూ పని చేయకుండా మాట్లాడుతున్నారు. అమ్మ చేతిలో బియ్యం చేట పెట్టండి, నాన్న చేత సైకిల్ చైన్ తుడిపించండి.

డబ్బు మధ్యలో అయిపోయింది: జనం ఉండే సీన్లు కొట్టేయండి. గుడి క్యూని పాదాలు, పసుపు చేతులు, కుంకుమ పళ్లెం క్లోజప్‌లతో, చుట్టూ సౌండ్‌తో చూపించొచ్చు.

## 13. సెన్సార్, కుక్క భవిష్యత్తు

ఎడిటింగ్ మొదటి కట్ అవగానే జంతు సంక్షేమ బోర్డుకి పంపాల్సిన కాగితాలు సిద్ధం చేయండి: ముందస్తు అనుమతి, పశువైద్యుడి సర్టిఫికెట్, కుక్క కనబడే సీన్ల క్లిప్పులు. వీధికుక్క ఏదైనా వెనకాల నడిచిపోయిన షాట్ ఉంటే కట్ చేయడమే మేలు, లేకపోతే దానికీ లెక్క చెప్పాలి. ఆ పత్రం వచ్చాక హైదరాబాద్ సెన్సార్ ఆఫీసుకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టండి. ఇప్పుడు యూ/ఏలో 7, 13, 16 ఏళ్ల విభాగాలున్నాయి. పిల్లలు చూడాల్సిన సినిమా కాబట్టి యూ (అందరూ చూడదగ్గ) సర్టిఫికెట్ మీద గురి పెట్టుకుని రక్తం, బూతు, సిగరెట్ స్క్రిప్టులోనే తీసేయండి.

చివరి షెడ్యూల్ రోజే ఇంకో పని ఉంది. నాలుగు వారాల స్నేహం, 24 రోజుల షూటింగ్ తర్వాత ఆ పిల్లాణ్ణి, ఆ కుక్కని ఒక్కసారిగా విడదీయకండి. కుక్క యజమానితో ముందే మాట్లాడి, మొదటి నెల వారానికి రెండుసార్లు, తర్వాత నెలకి రెండుసార్లు కలిసేలా రోజులు రాసి రెండు ఇళ్లకీ ఇవ్వండి. దానికయ్యే ఆటో ఖర్చు బడ్జెట్‌లో మొదటి పేజీలోనే వేసుకోండి.